పాత కార్ల సౌదా: ఒక ఆట తారీఖ్

ఈసారి ఒక ఆట గురించి మాట్లాడుకుందాం.

1972లో అమెరికాలోని పార్కర్ బ్రదర్స్ కంపెనీ ‘డీలర్స్ ఛాయిస్’ అనే బోర్డు ఆటను బజారులోకి తెచ్చింది. 1935 నుంచి మోనోపలీని అమ్ముతూ వచ్చిన కంపెనీయే ఇది. ఖాందాన్ అంతా కూర్చొని ఆడుకునే ఆట. ఆడేవాళ్ళందరూ సెకండ్ హ్యాండ్ కార్ల డీలర్లు. పాత కార్లు కొనాలి, బేరమాడి పక్కవాళ్ళకు అమ్మాలి. ఆఖరికి ఎవరి దగ్గర ఎక్కువ పైసలుంటే వాళ్ళదే గెలుపు.

మన బచ్చాలకు ఈ ఆట తెలియదు. వాళ్ళకు తెలిసింది మోనోపలీకి దేశీ రూపమైన ‘బిజినెస్’. అందులో బొంబాయి, కలకత్తా, ఢిల్లీ లాంటి షహర్లు కొని కిరాయి వసూలు చేస్తారు. ఆ జమానాలో ఇక్కడ కార్ల సౌదా పిల్లల ఆటగా మారే హాలత్ కూడా లేదు. 1972లో మన దేశంలో పేరున్న కార్ల కంపెనీలు మూడే: హిందుస్థాన్ మోటార్స్, ప్రీమియర్, స్టాండర్డ్. కొత్త బండి కోసం పైసలు కట్టి ఏళ్ళ తరబడి ఇంతెజార్ చేయాల్సి వచ్చేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాకే మామూలు నౌకరీ చేసుకునేవాళ్ళ వాకిట్లోకి కారు రావడం మొదలైంది. వాళ్ళు వాడి అమ్మేసిన బండ్లు మెల్లగా షహర్ దాటి ఊళ్ళకు చేరాయి. ఇప్పుడు చిన్న మంగళారం నుంచి చేవెళ్ళ దాకా ఏ ఊళ్ళో అడిగినా ‘సెకండ్ హ్యాండ్’ అనే మాటకు మానా చెప్పాల్సిన పని లేదు. బోర్డు లేకుండానే ఆ ఆట మన దగ్గరికొచ్చింది.

అయితే ఒక ఫరక్ ఉంది. ఆటలో అందరూ డీలర్లే. అసలు బజారులో అమ్మేవాడికి ఇంజన్ సంగతి తెలుసు, కొనేవాడికి రంగు, సీటు కవర్లు మాత్రమే కనబడతాయి. ఈ మామిలా మీదే జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో ఒక వ్యాసం రాశాడు. లోపల ఐబ్ ఉన్న బండిని అమెరికాలో ‘లెమన్’ అంటారు. ఏది మంచి బండో, ఏది లెమనో కొనేవాడికి తెలియదు కాబట్టి మధ్యస్తంగా ఒక ధర చెబుతాడు. ఆ ధరకు మంచి బండి మాలిక్ అమ్మడు, వెళ్ళిపోతాడు. చివరికి బజారులో ఖరాబ్ బండ్లే మిగులుతాయి. అంటే ధోకా చేసేవాడు ఒక్క ఖరీదుదారునే కాదు, ఇమాందారీగా అమ్మేవాళ్ళను కూడా ముంచుతాడు. ఈ వ్యాసాన్ని మూడు పత్రికలు తిప్పి పంపాయి. 2001లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ వ్యాసంలో మన దేశం ముచ్చట కూడా ఉంది. బజారులో బియ్యంలో కావాలని కలిపిన రాళ్ళను ఇక్కడి ఆడవాళ్ళు ఏరుకోవాల్సి వస్తుందని ఆయన రాశాడు. మన అమ్మీలు, నానీలు చాటలు ముందేసుకుని చేసిన పని అదే.

ధాన్యం అనగానే సహీహ్ ముస్లింలోని హదీస్ యాదికొస్తుంది. ప్రవక్త ముహమ్మద్ (స) బజారులో ఒక ధాన్యపు కుప్పలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన పడిందని అమ్మేవాడు చెప్పాడు. అలాగైతే తడిసినది జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. ధోకా చేసేవాడితో తనకు వాస్తా లేదన్నారు. ఫిఖ్హ్‌లో దీనికి తగ్గ ఖాయిదా ఉంది. దాని పేరు ఖియారె ఐబ్. అమ్మకముందే ఉన్న ఐబ్‌ను చెప్పకుండా దాచితే, అది బయటపడ్డాక సౌదా రద్దు చేసుకునే హక్ ఖరీదుదారుకు ఉంటుంది.

కాగజ్‌ల విషయంలో ముప్పు అమ్మినవాడికి కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం, రాష్ట్రం లోపలే అమ్మితే అమ్మినవాళ్ళు 14 రోజుల్లో, కొన్నవాళ్ళు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి. ‘మనవాడే కదా’ అని సంతకం పెట్టి బండి ఇచ్చేస్తే ఆర్సీలో పాత పేరే ఉండిపోతుంది. బండి ఎన్ని చేతులు మారినా, యాక్సిడెంట్ జరిగితే ముఆవజా జిమ్మేదారీ ఆర్సీలో పేరున్న మాలిక్‌దేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. బండి పోయి ఏళ్ళయినా కోర్టు నోటీసు ఆ ఇంటికే వస్తుంది.

సెలవుల్లో బచ్చాలతో ఈ ఆట ఆడుకోవాలంటే డబ్బా కొనక్కర్లేదు. చీటీల మీద కార్ల పేర్లు రాయండి. వెనకవైపు కొన్నింటికి ఐబ్ రాయండి, కొన్నింటికి వద్దు. మొదటిసారి ఐబ్ దాచి అమ్మమనండి. రెండోసారి చీటీ తిప్పి చూపించి అమ్మమనండి. రెండుసార్లూ ఎన్ని సౌదాలు కుదిరాయో, మంచి బండికి ఎంత ధర పలికిందో వాళ్ళనే లెక్క పెట్టమనండి. ఇంట్లో ఎవరైనా నిజంగా బండి కొనబోతుంటే, బయానా ఇవ్వకముందే వాళ్ళను కూడా ఈ ఆటకు కూర్చోబెట్టండి.