ధరల మంట.. క్రిప్టోతో చల్లారుతుందా? బోథ్ పత్తి రైతు లెక్కలో బిట్‌కాయిన్ ఎక్కడ?

బోథ్, ఆదిలాబాద్ జిల్లా: పత్తి అమ్మిన డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఎరువుల దుకాణం బాకీ, కిరాణా బాకీ, పిల్లల ఫీజు పోగా ఏదో కొంచెం మిగులుతుంది. దాన్ని అలాగే ఉంచితే ఏడాది తిరిగేసరికి విలువ తగ్గుతోంది. సరిగ్గా ఇక్కడే ఫోన్‌లో ఓ వీడియో వస్తుంది. "రూపాయి పడిపోతుంది, బిట్‌కాయిన్ పెరుగుతుంది.. ఇంకా బ్యాంకులోనే పెడతారా?" అని. క్రిప్టో భవిష్యత్తు ఏంటనే చర్చ అమెరికాలో, ముంబైలో జరుగుతున్నట్టు అనిపిస్తుంది కానీ, ఇచ్చోడ రోడ్డు మీద టీ కొట్టు దగ్గర నిలబడినవాళ్ల ఫోన్లలోనూ అదే నడుస్తోంది. మరి ఇందులో నిజమెంత? లెక్క ఏం చెప్తోంది?

ముందు ద్రవ్యోల్బణం సంగతి

ధరలు పెరిగే వేగాన్నే ద్రవ్యోల్బణం అంటారు. వేగం తగ్గిందంటే ధరలు తగ్గాయని కాదు, నెమ్మదిగా పెరుగుతున్నాయని మాత్రమే. టీవీల్లో "ద్రవ్యోల్బణం తగ్గింది" అనే వార్త చూసి "మా కిరాణా బిల్లు తగ్గలేదే" అని చాలామంది అనుకునేది ఇందుకే.

దేశంలో రిటైల్ ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర ఉంచడం రిజర్వ్ బ్యాంక్ లక్ష్యం. అటూ ఇటూ 2 శాతం వరకు వెసులుబాటు ఉంది. 2022 ఏప్రిల్‌లో ఇది 7.79 శాతానికి చేరింది. 2023 జూలైలో టమాటా దెబ్బకు మళ్లీ 7.44 శాతం అయింది. 2025 అక్టోబర్‌కు వచ్చేసరికి కూరగాయల ధరలు దిగడంతో 0.25 శాతానికి పడిపోయింది. రైతుకు ఇది రెండు వైపులా పదునున్న కత్తి. కొనేటప్పుడు చౌక బాగుంటుంది, అమ్మేటప్పుడు కాదు.

ఏటా 6 శాతం చొప్పున ధరలు పెరుగుతూ పోతే, ఇంట్లో దాచిన లక్ష రూపాయలకు 12 ఏళ్ల తర్వాత ఇప్పటి 50 వేల సరుకే వస్తుంది. కాబట్టి డబ్బును ఊరికే ఉంచొద్దు అనే మాట తప్పేం కాదు. దాన్ని ఎక్కడ పెట్టాలి అన్న దగ్గరే గొడవంతా.

బిట్‌కాయిన్ వాదన ఏంటి?

2008 అక్టోబర్ 31న సతోషి నకమోటో పేరుతో ఓ పత్రం బయటికొచ్చింది. ఆ పేరు వెనక ఎవరున్నారో ఇప్పటికీ తేలలేదు. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ మొదలైంది. బ్యాంకు ఉండదు, ప్రభుత్వం ఉండదు. ఎవరు ఎవరికి ఎంత పంపారో రాసే ఖాతా పుస్తకం ప్రపంచవ్యాప్తంగా వేల కంప్యూటర్లలో ఉంటుంది. దాన్నే బ్లాక్‌చెయిన్ అంటున్నారు.

మద్దతుదారుల అసలు పాయింట్ ఒక్కటే. ప్రభుత్వాలు నోట్లు ఎన్నైనా ముద్రించగలవు, బిట్‌కాయిన్లు మాత్రం ఎప్పటికీ 2.1 కోట్లకు మించి ఉండవు. సుమారు నాలుగేళ్లకోసారి కొత్త కాయిన్లు వచ్చే వేగం సగానికి తగ్గుతుంది. చివరిసారి 2024 ఏప్రిల్‌లో తగ్గింది. సరుకు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ.. కాబట్టి విలువ నిలబడుతుంది, పెరుగుతుంది అనేది వాళ్ల వాదన. బంగారం గురించి మన పెద్దలు చెప్పేదీ దాదాపు ఇదే కదా!

వినడానికి బాగానే ఉంది. కానీ సరుకు పరిమితంగా ఉన్నంత మాత్రాన ధర నిలకడగా ఉంటుందని ఎక్కడా లేదు. అడిగేవాళ్లు రేపు ఉంటారో లేదో ఎవరికీ తెలియదు. ఈ ఒక్క ముక్క పక్కన పెట్టేసి చెప్పే వీడియోలే ఎక్కువ.

2022లో పరీక్ష జరిగింది.. ఫెయిలైంది!

ధరలు మండినప్పుడు క్రిప్టో కాపాడుతుందా అనేది ఊహించి చెప్పాల్సిన పని లేదు. పరీక్ష ఆల్రెడీ జరిగిపోయింది. 2022 జూన్‌లో అమెరికాలో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది. నలభై ఏళ్లలో అదే ఎక్కువ. వాదన నిజమైతే బిట్‌కాయిన్ ఎగరాల్సిన టైమ్ అది. జరిగింది రివర్స్. ధరల్ని అదుపు చేయడానికి అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీ రేట్లు పెంచింది. వడ్డీ పెరిగితే జనం రిస్క్ ఉన్నవాటి నుంచి డబ్బు వెనక్కి తీసుకుంటారు. క్రిప్టో ఆ లిస్టులో ముందు వరసలో ఉంది.

2021 నవంబర్‌లో 69 వేల డాలర్ల దగ్గరున్న బిట్‌కాయిన్ 2022 జూన్ మధ్యకల్లా 20 వేల డాలర్లకు పడింది. ఆ మే నెలలోనే టెర్రా-లూనా కుప్పకూలింది. నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజ్ దివాలా తీసింది, బిట్‌కాయిన్ 16 వేల డాలర్ల కిందకు వెళ్లింది.

ఈ తేదీలను పత్తి క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. బోథ్ వైపు పత్తి అమ్మకాలు ఊపందుకునేది చలికాలంలో. 2022 మొదట్లో తెలంగాణ మార్కెట్లలో పత్తి క్వింటాల్ రూ.10 వేలు దాటింది. అప్పుడు మద్దతు ధర రూ.6,025 మాత్రమే. అంటే చాలా ఏళ్ల తర్వాత రైతు చేతిలో కాస్త డబ్బు ఆడిన సీజన్ అది. సరిగ్గా దానికి ముందే బిట్‌కాయిన్ శిఖరం మీద ఉంది, వీడియోల హడావుడి కూడా అలాగే ఉంది. ఆ 2021 నవంబర్ ధరకు లక్ష రూపాయలు పెట్టినవాళ్లకు, మృగశిర కార్తెలో విత్తనాలు కొనాల్సిన టైమ్‌కి మిగిలింది మూడో వంతు కన్నా తక్కువే.

"ఆగినవాళ్లు గెలిచారు కదా?" అని అడుగుతారు. కరెక్టే. 2024 డిసెంబర్‌లో బిట్‌కాయిన్ లక్ష డాలర్లు దాటింది. ఆ లక్ష రూపాయలు అప్పటికి లక్షన్నర పైనే అయ్యాయి. 2025 అక్టోబర్ మొదట్లో 1.25 లక్షల డాలర్లు కూడా దాటింది. నవంబర్‌లో మళ్లీ 90 వేల కిందకు జారింది. కానీ మూడేళ్లు ఎవరు ఆగగలరు? జీతం నెలనెలా వచ్చేవాళ్లు ఆగగలరు. వానాకాలం పెట్టుబడి జూన్‌లోనే కావాలి. విత్తనాల షాపతను బిట్‌కాయిన్ పెరిగేదాకా ఆగడు. డబ్బు అవసరమయ్యే తేదీ ఫిక్స్ అయిపోయి ఉంటుంది. ఆ రోజు క్రిప్టో ధర ఎంతన్నదే ఫిక్స్ కాదు. సేద్యం చేసే ఇంటికి ఇదే అసలు ప్రమాదం. క్రిప్టో మంచిదా చెడ్డదా అన్న చర్చ కంటే ఇది పెద్ద విషయం.

మరి అర్జెంటీనాలో వాడుతున్నారు కదా?

వాడుతున్నారు, అబద్ధం కాదు. 2023లో అర్జెంటీనాలో ద్రవ్యోల్బణం 211 శాతం. 2022 అక్టోబర్‌లో టర్కీలో 85 శాతం. పొద్దున్న ఉన్న ధర సాయంత్రానికి ఉండని చోట జనం ఏదో ఒకటి పట్టుకుంటారు. అయితే అక్కడ ఎక్కువగా ఆశ్రయించింది స్టేబుల్‌కాయిన్లను. ఒక్కో కాయిన్ విలువ ఒక డాలర్‌కు కట్టేసి ఉంటుంది. అంటే వాళ్లు కోరుకుంది డాలర్, క్రిప్టో దానికి దారి అయింది. మన దగ్గర పరిస్థితి ఆ స్థాయిలో లేదు. 7 శాతానికీ 211 శాతానికీ ఒకే మందు ఇవ్వడం కుదరదు.

బిట్‌కాయిన్‌నే అధికారిక కరెన్సీ చేసిన దేశం ఎల్ సాల్వడార్. 2021 సెప్టెంబర్ 7న చేసింది. ఐఎంఎఫ్ అప్పు కోసం ఒప్పందం కుదుర్చుకుని, 2025 జనవరిలో చట్టం మార్చి, దుకాణాలు దాన్ని తీసుకోవాల్సిందే అన్న నిబంధన ఎత్తేసింది.

అలాగని క్రిప్టో కథ ముగిసిందనీ కాదు. 2024 జనవరిలో అమెరికా బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు అనుమతి ఇచ్చింది. 2025 జూలైలో స్టేబుల్‌కాయిన్లకు ప్రత్యేక చట్టం చేసింది. పెద్ద పెద్ద ఫండ్లు ఇందులోకి వచ్చాయి. టెక్నాలజీగా ఇది నిలబడే అవకాశాలు బలంగానే ఉన్నాయి. నిలబడటం వేరు, పేదింటి పొదుపుకు పనికిరావడం వేరు.

మన దగ్గర చట్టం ఏమంటోంది?

క్రిప్టో మన దేశంలో నిషేధం కాదు, చెల్లుబాటయ్యే కరెన్సీ కూడా కాదు. 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంక్, క్రిప్టో వ్యాపారాలకు బ్యాంకులు సేవలు ఇవ్వొద్దని ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2022లో అప్పటి గవర్నర్ శక్తికాంత దాస్ క్రిప్టో వెనక ఏ ఆస్తీ లేదని గట్టిగానే హెచ్చరించారు. అదే ఏడాది డిసెంబర్ 1న రిజర్వ్ బ్యాంక్ సొంతంగా డిజిటల్ రూపాయిని ప్రయోగాత్మకంగా జనంలోకి తెచ్చింది. దాని విలువ రూపాయే కాబట్టి ధర ఎగరదు, పడదు. క్రిప్టోతో పోల్చి "ఇదీ పెరుగుతుంది" అని ఎవరైనా అమ్మజూపితే నమ్మొద్దు.

పన్ను దగ్గర చాలామందికి తెలియని మెలిక ఉంది. పత్తి అమ్మిన ఆదాయానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. అదే డబ్బు క్రిప్టోలో పెట్టి లాభం వస్తే 2022 ఏప్రిల్ 1 నుంచి నేరుగా 30 శాతం పన్ను, దాని మీద సెస్. అమ్మేటప్పుడు పరిమితి దాటితే 1 శాతం టీడీఎస్ కూడా. ఇంకా ఉంది. ఒక కాయిన్‌లో 20 వేలు లాభం, ఇంకో కాయిన్‌లో 20 వేలు నష్టం వచ్చిందనుకోండి. చేతికి మిగిలింది సున్నా. కానీ ఆ నష్టాన్ని లాభంలోంచి తీసేయనివ్వరు, కాబట్టి రూ.6 వేలు పన్ను, సెస్ కట్టాల్సిందే. వీడియోల్లో ఈ లెక్క కనిపించదు!

బ్యాంకు మూతపడితే రూ.5 లక్షల వరకు డిపాజిట్‌కు బీమా ఉంది. క్రిప్టో ఎక్స్ఛేంజ్‌కు అలాంటిది లేదు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్‌పై హ్యాకర్ల దాడిలో సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో పోయింది. కస్టమర్లు తమ క్రిప్టో బయటికి తీసుకోవడానికి ఏడాదికి పైగా ఆగాల్సి వచ్చింది. అది దేశంలో పేరున్న ఎక్స్ఛేంజ్!

ఊళ్లలో అమ్ముతున్నది అసలు క్రిప్టోనేనా?

ఇప్పటిదాకా చెప్పింది నిజమైన క్రిప్టో గురించి. మన వైపు చాలామంది మునిగింది అందులో కాదు, దాని పేరు పెట్టుకున్న గొలుసు స్కీముల్లో. పొరుగున ఉన్న నిర్మల్ జిల్లాలో 2024లో యూబిట్ కాయిన్ పేరుతో జరిగిన దందాపై పోలీసులు కేసు పెట్టారు. అరెస్టయిన వారిలో ప్రభుత్వ ఉద్యోగులు కూడా ఉన్నారు. పక్కనే ఉన్న మహారాష్ట్రలో గెయిన్‌బిట్‌కాయిన్ అనే స్కీమ్ నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామని చెప్పింది. 2018లో నిర్వాహకుల అరెస్టులు జరిగాయి, కేసు సీబీఐ దాకా వెళ్లింది.

ఇలాంటివి పల్లెల్లో ఎందుకు పాకుతాయి? అడిగేది తెలిసినవాళ్లు కాబట్టి. బావమరిదో, పిల్లలకు చదువు చెప్పే సారో, సంఘంలో పక్కన కూర్చునే అక్కో వచ్చి "నాకు వచ్చింది, నువ్వూ పెట్టు" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పకపోవచ్చు. మొదట్లో నిజంగానే డబ్బు వస్తుంది, తర్వాత చేరినవాళ్ల డబ్బే కదా అది!

గుర్తుపట్టడం పెద్ద కష్టమేం కాదు. నిజమైన బిట్‌కాయిన్ నెలకు ఇంత ఇస్తానని ఎవరికీ మాట ఇవ్వదు. మనుషుల్ని చేర్పిస్తే కమీషన్ ఇవ్వదు. హోటల్లో మీటింగ్ పెట్టదు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా అది క్రిప్టో కాదు, గొలుసు దందా. మనుషుల్ని చేర్పించే ఇలాంటి స్కీముల మీద 1978 నుంచే చట్టం ఉంది. ఇంకొకరిని చేర్పించినవాళ్లు కూడా కేసులో ఇరుక్కోవచ్చు.

మరి డబ్బు ఎక్కడ పెట్టాలి?

దీనికి అందరికీ పనికొచ్చే ఒకే జవాబు లేదు. కానీ బోథ్ లాంటి చోట ముందు చూడాల్సింది పెట్టుబడిని కాదు, అప్పును. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. లక్ష అప్పు మీద రూ.24 వేలు. చేతిలో డబ్బుంటే ఆ అప్పు తీర్చడమంటే 24 శాతం గ్యారంటీగా సంపాదించినట్టే. పన్ను లేదు, రిస్క్ లేదు. ఏ కాయినూ ఈ మాట ఇవ్వలేదు. బయట మిత్తికి తెచ్చి క్రిప్టోలో పెట్టడం మాత్రం రెండు వైపులా అంటించుకోవడమే.

మిగిలినవాటికి లెక్క తెలిసిందే. పీపీఎఫ్ వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం. బంగారం 10 గ్రాములు 2025 ఏప్రిల్‌లో తొలిసారి లక్ష రూపాయలు తాకింది, అయితే అదీ పడిన ఏళ్లు ఉన్నాయి. పత్తి మద్దతు ధర 2021-22లో రూ.6,025 ఉంటే 2025-26కు రూ.8,110 అయింది. నాలుగేళ్లలో 34 శాతం పైనే. అది చేతికి రావాలంటే పత్తిలో తేమ 8 శాతం దాటకూడదు. అంతకు మించితే సీసీఐ ధరలో కోత పెడుతుంది, 12 దాటితే కొనదు. పత్తిని రెండు రోజులు ఎక్కువ ఎండబెట్టడం కూడా ఓ రకంగా పెట్టుబడే మరి.

ఇంత విన్నాక కూడా క్రిప్టో కొనాలనిపిస్తే? పోయినా విత్తనాలకు, ఫీజులకు అడ్డం రాని డబ్బుతోనే కొనాలి. ప్రభుత్వ ఆర్థిక నిఘా విభాగం ఎఫ్‌ఐయూలో నమోదైన ఎక్స్ఛేంజ్‌లోనే కొనాలి. మనీలాండరింగ్ చట్టం కింద 2023 మార్చి నుంచి ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటేలోపు ఫిర్యాదు అందితేనే బ్యాంకులు ఆపగలిగే అవకాశం ఎక్కువ. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ కంప్లయింట్ ఇవ్వొచ్చు, దగ్గరి పోలీస్ స్టేషన్‌కూ వెళ్లొచ్చు. ట్రాన్సాక్షన్ నంబర్లు, వాట్సాప్ చాట్లు, స్కీమ్ యాప్ స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయకుండా ఉంచుకోవాలి. "కంప్లయింట్ ఇస్తే నీ డబ్బు రాదు" అని చేర్పించినవాళ్లే బతిమాలడం, బెదిరించడం ఇలాంటి కేసుల్లో మామూలే. ఆ మెసేజ్‌లు కూడా దాచి పోలీసులకు ఇవ్వాలి.