హైంజ్ స్టాల్‌కి జనం మెట్లెక్కి ఎందుకెళ్లారు?

జాబ్‌లో ఉన్నప్పుడు ఒక ట్రేడ్ షోలో మా స్టాల్ దగ్గర రెండు రోజులు నిలబడ్డాను. పెద్ద స్క్రీన్, ఖరీదైన లైట్లు ఉన్నా ఎవరూ రాలేదు. మూలన ఇచ్చారు కాబట్టే అనుకున్నా.

1893, షికాగో వరల్డ్ ఫెయిర్. వ్యవసాయ భవనంలో హెచ్.జె. హైంజ్‌కి పై అంతస్తులో చోటిచ్చారు. తిరిగి తిరిగి అలిసిన జనం మెట్లెక్కట్లేదు. ఆయన చిన్న కార్డులు అచ్చేయించి ఫెయిర్ అంతా పంచించాడు: ఇది తెస్తే ఉచిత బహుమతి! పైకెళ్తే రుచి చూడటానికి ఊరగాయలు, చేతికి దోసకాయ ఆకారంలో చిన్న పచ్చ బిళ్ల. దాంతో జనం మెట్లెక్కారు. ఆ తాకిడికి పై అంతస్తుకి ఆసరాలు పెట్టాల్సి వచ్చిందంటారు.

ఆయనకీ దొరికింది మంచి చోటేం కాదు. మనిషి మన స్టాల్ దాకా ఎందుకు రావాలి, వెళ్తూ ఏం తీసుకెళ్తాడు? డిజైన్ అక్కడ మొదలవ్వాలి. మేం లైట్ల దగ్గర మొదలుపెట్టాం.