డాంక్ బెట్ అంటే ఏంటి? పోకర్‌లో రివర్ మీద ముందుగా పందెం కాస్తే లాభమా, నష్టమా?

పోకర్‌లో ముందుగా ఆడాల్సి రావడం ఇబ్బందే. ఎదుటివాడు ఏం చేస్తాడో తెలియకుండానే తన నిర్ణయం చెప్పేయాలి. దీన్నే 'అవుట్ ఆఫ్ పొజిషన్' అంటారు. టెక్సాస్ హోల్డెమ్‌లో ఐదో ముక్క, అంటే 'రివర్', తెరిచాక ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఆ తర్వాత ఇంకో ముక్క రాదు, సరిదిద్దుకోడానికి ఇంకో రౌండూ ఉండదు.

ఇలాంటప్పుడు చాలామంది చెక్ చెప్పేసి, అంతకుముందు రౌండ్లో పందెం కాసిన ఆటగాడికే వదిలేస్తారు. అలా వదలకుండా తనే ముందు కాస్తే అది 'డాంక్ బెట్'. డాంకీ, అంటే గాడిద, నుంచి వచ్చిన పేరు. ఆట తెలియనోళ్లే ఇలా కాస్తారని సీనియర్ల వెక్కిరింత. సాల్వర్ సాఫ్ట్‌వేర్లు వచ్చాక అది తగ్గింది. కొన్ని ముక్కలు పడ్డప్పుడు ఇదే సరైన ఆట అని లెక్కలు తేల్చాయి.

మంచి ముక్కలు పెట్టుకుని చెక్ చెప్పడం పాత ఉచ్చు. 1988 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ ఆఖరి హ్యాండ్‌లో జానీ చాన్ చేతిలో స్ట్రెయిట్ ఉన్నా రివర్ మీద చెక్ చెప్పాడు. క్వీన్ల జత ఉన్న ఎరిక్ సీడెల్ చిప్స్ అన్నీ తోసేశాడు. చాన్‌కు వరుసగా రెండో టైటిల్ దక్కింది. 'రౌండర్స్' సినిమాలో చూపించేది ఈ హ్యాండే. కానీ ఉచ్చు పనిచేయాలంటే అవతలివాడు పందెం కాయాలి. అతనూ చెక్ అంటే?

ఉదాహరణకు పాట్‌లో 1,000 చిప్స్ ఉన్నాయి. బల్ల మీద ఆసు, 8, 7, 2. ఇప్పటిదాకా పందేలు కాస్తూ వచ్చినవాడి దగ్గర ఆసు, కింగ్. ముందు ఆడేవాడి దగ్గర 10, 9. రివర్ మీద 6 పడింది, స్ట్రెయిట్ కుదిరింది. ఫ్లష్‌కు అవకాశం లేకపోతే అంతకు మించిన చెయ్యి లేదు. ఇప్పుడు చెక్ చెబితే ఆ 6ని చూసి భయపడ్డ ఎదుటివాడు కూడా చెక్ అనేసి ముక్కలు తిప్పేస్తాడు. ఒక్క చిప్ కూడా అదనంగా రాదు. అదే 750 కాస్తే? ఆసుల జతను వదిలేయడం ఎవరికైనా కష్టమే. పదిసార్లలో నాలుగుసార్లు కాల్ చేసినా, సగటున 300 చిప్స్ మిగిలినట్టే.

ఇందులోనే ఇంకో రకం 'బ్లాక్ బెట్'. చెయ్యి ఓ మోస్తరుగా ఉన్నప్పుడు 250 లాంటి చిన్న పందెం వేస్తారు. చెక్ చెప్పి, అవతలివాడు 750 కాశాక కాల్ చేస్తే నష్టం లేకుండా ఉండాలంటే వందకు 30 సార్లు గెలవాలి. చిన్న పందెంతో చవగ్గా ముక్కలు చూడొచ్చన్నది ఆశ. అయితే బలహీనత పసిగట్టినవాడు పెద్దగా రెయిజ్ చేస్తే ఆశ తలకిందులే.

అసలు చిక్కు వేరే ఉంది. మంచి ముక్కలు వచ్చినప్పుడే డాంక్ బెట్ వేస్తే రెండు మూడు హ్యాండ్లకే దొరికిపోతారు, ఎదుటివాళ్లు ఫోల్డ్ చేసి తప్పుకుంటారు. 1,000 పాట్‌లో 750 కాసేవాడు ప్రతి పది పందేల్లో మూడు బ్లఫ్‌లు కలపాలని లెక్క. కొత్తవాళ్లకు కుదరనిది ఇదే. కొందరు అసలు బ్లఫ్ చేయరు, ఇంకొందరు మరీ ఎక్కువ చేస్తారు.

తెలుగు రాష్ట్రాల్లో ఇది డబ్బులతో ఆడే వీల్లేదు. 2017లో తెలంగాణ, 2020లో ఏపీ తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా నిషేధంలోకి తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంట్ ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు ఆటలను నిషేధించింది.