పోలిక పడితే చాలా?

2014 ఆగస్టు 19. తెలంగాణ అంతటా సమగ్ర కుటుంబ సర్వే. సికింద్రాబాద్‌లో మా వీధి వీధంతా ఇంటిపట్టునే ఉంది. నాన్న రేషన్ కార్డు, ఆధార్, కరెంటు బిల్లు టీపాయ్ మీద పేర్చుకుని కూర్చున్నాడు. అడిగినవన్నీ చెప్పాం. ఎందుకని మాత్రం ఎవరమూ అడగలేదు.

మనుషుల్ని చిట్టాకెక్కించడం మన నేలకి కొత్త కాదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. వేలిముద్రలు, హాజరు పట్టీలు వచ్చాయి. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాల్ని పెట్టిన సెటిల్‌మెంట్ ఆ చట్టం నీడలోదే. అక్కడ మనిషి ఏం చేశాడన్నది కాదు, ఎవరికి పుట్టాడన్నదే లెక్క. 1952లో ఆ చట్టం రద్దయింది.

రాష్ట్రం వచ్చాక తెలంగాణ ప్రభుత్వం ‘సమగ్ర వేదిక’ తెచ్చింది. వేర్వేరు శాఖల డేటాబేసుల్ని కలిపి, ఈ కార్డుదారూ ఆ కారు యజమానీ ఒకరేనా అని సాఫ్ట్‌వేర్ పోల్చి చూస్తుంది. అలాంటి కోడ్ ఉద్యోగంలో నేనూ రాశాను. అది ‘ఒకరే’ అని చెప్పదు, ఒకరయ్యే అవకాశం ఎంతో ఒక అంకె ఇస్తుంది. ఎంత దాటితే ‘అవును’ అనుకోవాలో మనమే పెడతాం. మన ఇంటిపేరేమో ఒక కాగితంలో ముందు, ఇంకోదాంట్లో వెనక, మూడోదాంట్లో పొడి అక్షరం! నా కోడ్‌లో పోలిక తప్పితే ఒక కస్టమర్‌కి అక్కర్లేని మెసేజ్ పోతుంది. రేషన్ దగ్గర తప్పితే బియ్యం ఆగిపోతాయి.

కంప్యూటర్ లెక్కల ఆధారంగా రద్దయిన దాదాపు 19 లక్షల కార్డుల్ని మళ్ళీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు తేల్చింది కూడా ఆ కోర్టులోనే. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ 22వ అధికరణం, కొన్ని మినహాయింపులతో, కేవలం యంత్రం చేసే కీలక నిర్ణయాలకి లోబడకుండా ఉండే హక్కునిస్తుంది. మన 2023 డేటా రక్షణ చట్టంలో అది లేదు.

స్టువర్టుపురంలో హాజరు పలికిన మనిషికి, తనని అనుమానిస్తున్నది ఎవరో కనీసం ఎదురుగా కనిపించేది. కార్డు పోయినవాళ్ళు ఎవర్ని అడగాలి? డీలర్‌కి తెలీదు, కౌంటర్‌లో గుమస్తాకీ తెలీదు. నా కోడ్‌లో ఆ హద్దు 0.85. ఎందుకంత అని ఇప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గరా సరైన జవాబు లేదు.