ముత్యపు తొడుగు: పాత డ్రమ్ముల మీద మురికి వేరు, ముదిమి వేరు

పాత డ్రమ్ముల సెట్టు చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని దాన్ని కొత్తదానిలా మెరిపించాలని చూడటం. గుడ్డ ముక్క, పాలిష్ డబ్బా, కాస్త ఓపిక ఉంటే చాలనుకుంటారు. ఆ ఉత్సాహంలోనే ఎన్నో మంచి డ్రమ్ములు పాడైపోయాయి. డ్రమ్ము మీద పేరుకున్న మురికి వేరు, దాని పైతొడుగుకు వచ్చిన ముదిమి వేరు. మొదటిది బయటినుంచి వచ్చి చేరింది, తుడిస్తే పోతుంది, పోవాలి కూడా. రెండోది ఆ పదార్థంలోనే వచ్చిన మార్పు. దాన్ని వదిలించాలని రుద్దితే ముదిమి అలాగే ఉంటుంది, తొడుగే అరిగిపోతుంది. ఈ రెంటినీ విడదీసి చూడగలగాలంటే ఆ తొడుగు దేనితో తయారైందో, డ్రమ్ము మీదికి ఎలా వచ్చిందో తెలియాలి. అందుకు నూరేళ్ల వెనక్కి, అమెరికా కర్మాగారాల్లోకి వెళ్లాలి.

బ్రూక్లిన్‌లో 1883లో మొదలైన గ్రెచ్ కంపెనీ గాని, షికాగోలో విలియం లుడ్విగ్, ఆయన తమ్ముడు థియోబాల్డ్ 1909లో పెట్టిన కంపెనీ గాని తొలినాళ్లలో అమ్మిన డ్రమ్ములు చూడ్డానికి సాదాగా ఉండేవి. చెక్క షెల్లుకు (డ్రమ్ము గుల్లకు) వార్నిషో నల్లరంగో, ఇత్తడి షెల్లుకు నికెల్ పూత, అంతే. 1920ల రెండో సగంలో ఒక్కసారిగా ఆల్చిప్ప లోపలి మెరుపుతో తళతళలాడే తొడుగులు వచ్చిపడ్డాయి. అవి డ్రమ్ముల కోసం పుట్టినవి కావు. అద్దం ముందు పెట్టుకునే దువ్వెనలు, బ్రష్షులు, పౌడరు డబ్బాల కోసం తయారవుతున్న సెల్యులాయిడ్ రేకులవి. 1915లో ఆ రేకులు చేసే ఆర్లింగ్టన్ కంపెనీని కొన్న రసాయన సంస్థ డ్యూపాంట్ వాటిని పైరాలిన్ పేరుతో అమ్మేది. మొదటి ప్రపంచ యుద్ధంలో పొగలేని తుపాకి మందు కోసం డ్యూపాంట్ పత్తినుంచి నైట్రోసెల్యులోజ్‌ను గుట్టలుగా తయారుచేసింది. యుద్ధం ముగిశాక అంత పెద్ద యంత్రాంగానికి వేరే పని వెతుక్కోవాల్సి వచ్చింది. పైరాలిన్ రేకులు ఒక దారి. 1923లో కార్ల కోసం వచ్చిన డ్యూకో రంగు ఇంకో దారి. ఆ డ్యూకో కూడా తర్వాత డ్రమ్ముల మీదికి చేరింది. అంటే ముత్యపు తొడుగుకీ, పిచికారీ రంగుకీ మూలం ఒకటే, తుపాకి మందుకు కావాల్సిన ఆ పత్తే.

సెల్యులాయిడ్ అంతకంటే పాతది. ఏనుగు దంతపు బిలియర్డ్ బంతులకు బదులు ఏదైనా దొరుకుతుందా అని వెతుకుతూ జాన్ వెస్లీ హయట్ 1870 నాటికి నైట్రోసెల్యులోజ్‌కు కర్పూరం కలిపి దీన్ని సాధించాడు. కర్పూరం లేకపోతే అది పెళుసు, కర్పూరం ఉంటే వంచినట్టల్లా వంగుతుంది. ముత్యపు మెరుపు మాత్రం చేప పొలుసులది. పొలుసుల్లోంచి తీసిన గ్వానిన్ స్ఫటికాలను కలిపి, దిమ్మగా నొక్కి, ఆ దిమ్మను పలచని రేకులుగా కోసేవారు. అందుకే ఏ రెండు డ్రమ్ముల మీదా చార ఒకేలా ఉండదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలు, అరిగిపోయిన తొడుగును మళ్లీ అలాగే తెచ్చిపెట్టడం ఎందుకు కుదరదో అర్థమవుతుంది.

ఈ మెరుపు డ్రమ్ములకే ఇంతగా ఎందుకు నప్పింది? మూకీ సినిమాల రోజుల్లో డ్రమ్మర్లు ఎందరో తెర ముందు గుంటలో, చీకట్లో కూర్చుని వాయించేవారు. 1927 తర్వాత టాకీలు వచ్చి ఆ ఉద్యోగాలు ఊడ్చిపెట్టుకుపోయాయి. ఇక మిగిలింది డ్యాన్స్ బ్యాండ్లు, వేదికలు, దీపాల వెలుగు. డ్రమ్ము వినబడితే చాలదు, కనబడాలి కూడా. 1938 జనవరి 16న కార్నెగీ హాల్లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో జీన్ క్రూపా వాయించేనాటికి ఆయన తెల్ల ముత్యపు స్లింగర్లాండ్ సెట్టు ఆయనంత ప్రసిద్ధం. పాతికేళ్ల తర్వాత, 1963లో, బీటిల్స్ డ్రమ్మరు రింగో స్టార్ లండన్‌లోని డ్రమ్ సిటీ దుకాణంలో నల్ల చారల లుడ్విగ్ సెట్టును ఎంచుకున్నాడు. 1964 ఫిబ్రవరి 9న ఎడ్ సల్లివన్ షోలో దాదాపు 7 కోట్ల 30 లక్షల మంది బీటిల్స్‌ను టీవీలో చూశాక లుడ్విగ్‌కు ఆర్డర్లు వెల్లువెత్తాయి. కంపెనీల భవితవ్యాన్నే మార్చేసిన ఈ తొడుగును అలంకారమని తేలిగ్గా తీసేయడం నా దృష్టిలో చరిత్ర తెలియకపోవడమే.

ఇప్పుడు ముదిమి సంగతి. సెల్యులాయిడ్‌లోని కర్పూరం, మన పూజ గదిలోని కర్పూరం డబ్బాలో తరిగినట్టే, ఏళ్లు గడిచేకొద్దీ గాలిలో కలిసిపోతుంది. రేకు కుంచించుకుంటుంది, అతుకు దగ్గర లేస్తుంది, పగుళ్లిస్తుంది. మరోపక్క నైట్రోసెల్యులోజ్ విడిపోతూ నైట్రోజన్ ఆక్సైడ్లను వదులుతుంది. వాటికి తేమ తగిలి పుట్టే ఆమ్లం ఆ విడిపోవడాన్ని ఇంకా వేగిరపరుస్తుంది, పక్కనున్న లోహాన్నీ తినేస్తుంది. వెలుతురు సోకి తెలుపు మీగడ రంగుకు, తర్వాత పసుపుకు తిరుగుతుంది. నీలం మీద ఆ పసుపు పడి ఆకుపచ్చగా కనబడుతుంది. పాత నీలి డ్రమ్ము మీద ఒక లగ్గును (బిగింపు మరలు పట్టే లోహపు ముక్కను) విప్పి చూడండి. దాని కింద, వెలుతురు ఎన్నడూ పడని చోట, కర్మాగారంనుంచి వచ్చిననాటి నీలం లగ్గు ఆకారంలోనే ఉంటుంది. చుట్టూ అంతా పచ్చదనం. ఆ పచ్చదనం ఎవరో పూసిన మురికి కాదు. 1950ల మొదటిదాకా సినిమా ఫిల్ముకూ ఈ నైట్రోసెల్యులోజే ఆధారం. మన దేశపు తొలినాటి సినిమాలు ఎన్నో మిగలకపోవడానికీ, 2003లో పుణేలో నిలవ చేసిన రీళ్లు అగ్గిపాలు కావడానికీ విడిపోయే, ఇట్టే అంటుకునే దీని స్వభావం ఒక ముఖ్య కారణం. డ్రమ్ము తొడుగును వేడిగాలి యంత్రంతో అతికించబోయేవాళ్లు ఈ మాట మరిచిపోకూడదు.

మరి ఏది మురికో తేల్చేదెలా? గోరువెచ్చని నీళ్లలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి, అందులో దూది ముంచి గట్టిగా పిండి, హూపు (తోలును బిగించే కమ్మీ) పక్కన కనబడని చోట రుద్దాలి. దూదికి గోధుమరంగు అంటితే అది పొగాకు పొర, పాత క్లబ్బుల్లో పొగ మధ్య ఏళ్లపాటు వాయించిన గుర్తు. దాన్ని తీసేయొచ్చు. దూది తెల్లగానే వచ్చి కింద పసుపు కదలకపోతే చెయ్యి అక్కడితో ఆపాలి. గోళ్ల రంగు తీసే అసిటోన్ సెల్యులాయిడ్‌ను తుడవదు, కరిగిస్తుంది. స్పిరిట్ పాత షెల్లాక్ వార్నిషుకు అదే గతి పట్టిస్తుంది. నికెల్ పూతకు గరుకు పాలిష్ శత్రువు. పూత పలచన, నాలుగుసార్లు రుద్దితే కింది ఇత్తడి పసుపుగా బయటపడుతుంది. 1920ల లుడ్విగ్ చెక్కుడు స్నేర్ డ్రమ్ములయితే ఇంకా సున్నితం. నల్ల నికెల్‌ను గీసి ఇత్తడి కనబడేలా చేసిన పువ్వులవి. నలుపు పోతే పువ్వూ పోయినట్టే. క్రోమ్ హూపుల తుప్పుకు మాత్రం నలిపిన అల్యూమినియం రేకును నీళ్లలో తడిపి రుద్దవచ్చు, అది క్రోమ్ కన్నా మెత్తన. అయితే 1960ల నాటి అల్యూమినియం స్నేర్ల మీద క్రోమ్ పొక్కులు లేచి ఊడుతుందే, దానికి ఏ పాలిష్ వల్లా ప్రయోజనం లేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరమే ఒకటుంది. అసలు తొడుగు పవిత్రమన్నది సంపన్న సేకర్తల పట్టింపేననీ, పని చేసుకునే డ్రమ్మర్లు దాన్నెప్పుడూ లెక్కచేయలేదనీ అంటారు. అందులో నిజముంది. బ్యాండు మారితే, ఫ్యాషన్ మారితే తొడుగు మార్చుకోవడం ఆ వృత్తిలో మామూలే. డ్రమ్ము ఉన్నది వాయించడానికే, దాన్ని అద్దాల బీరువాలో పెట్టమని నేనూ అనను. కానీ అప్పుడు తొడుగు మార్చిన మనిషి దగ్గర అదే కర్మాగారపు కొత్త రేకు ఉండేది. ఇప్పుడది లేదు. ఈనాటి తొడుగులు వేరే ప్లాస్టిక్కులు, చేప పొలుసుల రేకు కొనడానికి దొరకదు. ఆనాడు పాతది పీకేయడం మరమ్మతు, ఈనాడు అదే పని చేస్తే మిగిలిందాన్ని పోగొట్టుకోవడం. అంతేకాదు, 1950ల్లోనో 60ల్లోనో ఒక డ్రమ్మరు వేయించుకున్న రెండో తొడుగుకూ ఇదే గౌరవం దక్కాలి. అది ఆ వాయిద్యం బతికిన బతుకులో భాగం. 'అసలుది' కావాలని దాన్ని చీల్చేవాళ్లు కూడా చరిత్రనే చీలుస్తున్నారు.

ఎలాగూ తనను తానే తినేసే పదార్థానికి ఇంత సేవ ఎందుకని ఇంకొందరు అడుగుతారు. తినేసే వేగం మన చేతిలో ఉంది గనక. వేడి, తేమ, ఎండ ఆ వేగాన్ని పెంచుతాయి. గాలి ఆడని పెట్టె అన్నిటికన్నా చెడ్డది, బయటికి పోవాల్సిన ఆమ్లపు ఆవిరి లోపలే తిరుగుతూ తొడుగు మీద పనిచేస్తుంది. చల్లని, పొడి, గాలి ఆడే గదిలో, కిటికీకి దూరంగా, నూలు దుప్పటి కప్పి ఉంచిన ముత్యపు సెట్లు ఎనభై తొంభై ఏళ్ల తర్వాత కూడా వాయించేలా ఉన్నాయి. కోస్తా ఊళ్ల ఉక్కలో అయితే వానాకాలం నెలకోసారి కేసు తెరిచి చూసుకోవడం మేలు. ఘాటైన ఆమ్లపు వాసన వచ్చినా, లగ్గుల చుట్టూ పచ్చటి తుప్పు కనబడినా ఆ డ్రమ్మును మిగతావాటి నుంచి వెంటనే వేరుచేయాలి. ఇక బయట ఎంత తుడిచినా షెల్లు లోపలికి మాత్రం తడిగుడ్డ పోనివ్వకండి. 1960ల లుడ్విగ్ డ్రమ్ముల లోగోడ మీద తేదీ ముద్ర ఉంటుంది, ఒట్టి సిరాతో కొట్టింది.