కొవిడ్ కాలంలో పల్నాడు ఆసుపత్రి వైద్యం

2020, 2021 సంవత్సరాల్లో కొవిడ్-19 విజృంభించినప్పుడు నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో ఆసుపత్రులు ఎదుర్కొన్న ఇబ్బందులు, ఆ ఒత్తిడిలో వైద్యంలో వచ్చిన మార్పులు ఈ వ్యాస విషయం. అప్పటికి పల్నాడు జిల్లా లేదు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా అది ఏర్పడేవరకు ఇదంతా గుంటూరు జిల్లాకు పడమటి భాగం. పెద్ద వైద్యం గుంటూరులో ఉండేది. మాచర్ల నుంచి గురజాల, పిడుగురాళ్ల, నరసరావుపేట మీదుగా అక్కడికి చేరాలంటే సుమారు 125 కిలోమీటర్లు. ఊపిరాడని మనిషికి అది రెండున్నర, మూడు గంటల ప్రయాణం. పల్నాటి కొవిడ్ కథలో వైరస్ తర్వాత చెప్పుకోవలసింది ఈ దూరం గురించే.

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కేసు 2020 మార్చి 12న నెల్లూరులో బయటపడింది. ఏప్రిల్ నాటికి నరసరావుపేట రాష్ట్రమంతా వినిపించే పేరైంది. వరవకట్ట, రామిరెడ్డిపేట వంటి ఇరుకు వీధుల్లో కేసులు గుంపులుగా తేలాయి. పల్నాడు పల్లెలన్నిటికీ ఈ పట్టణం ఆసుపత్రుల ఊరు కూడా కావడంతో, ఇక్కడ జబ్బు పాకితే వైద్యం కోసం వచ్చిపోయేవాళ్లందరికీ ముప్పే. మే 15 తర్వాత కొత్త కేసు ఉండకూడదన్న లక్ష్యంతో అధికారులు ‘మిషన్ మే 15’ పేరిట రాకపోకలు కట్టడి చేసి, ఇంటింటి సర్వే చేయించారు. వైరస్ తేదీలు చూసుకోదు గనుక పేరు కాస్త ఆశపడిందే. అయితే ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, వాలంటీర్లు గడపగడపకూ వెళ్లి జ్వరపీడితులను వెతకడం ఆ తర్వాత కూడా ఉపయోగపడింది.

పరీక్షల కొరతకు దొరికిన ఒక జవాబు, క్షయ నిర్ధారణ కోసం మన దేశంలోనే తయారైన ట్రూనాట్ యంత్రం. పెద్ద ల్యాబు లేనిచోట కూడా పనిచేసే ఈ చిన్న పరికరాన్ని రాష్ట్రం కొవిడ్‌కు విరివిగా వాడుకుంది. ఆర్టీసీ బస్సులను శాంపిళ్లు తీసే ‘సంజీవని’ బస్సులుగా మార్చారు. 14410 నంబరుకు ఫోన్ చేస్తే వైద్య సలహా దొరికే టెలిమెడిసిన్ 2020 ఏప్రిల్‌లో మొదలైంది. జూలై 1న విజయవాడలో వెయ్యికి పైగా 108 అంబులెన్సులు, 104 సంచార వైద్య వాహనాలు రోడ్డెక్కాయి.

ఆసుపత్రులకు అసలు పరీక్ష రెండో దశ వచ్చిన 2021 ఏప్రిల్, మే నెలల్లో ఎదురైంది. అప్పుడు ఇంట్లో మొదట అడిగే మాట ‘సాచురేషన్ ఎంతుంది?’ అన్నదే. రక్తంలో ఆక్సిజన్ పడిపోతున్నా కొందరు రోగులు మామూలుగానే మాట్లాడుతుండేవారు. ఆయాసం వచ్చేసరికి ఆలస్యమైపోయేది. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు ఈ మోసాన్ని పట్టిచ్చింది. 1970లలో దాని సూత్రాన్ని కనుగొన్న జపాన్ ఇంజనీరు తకువో అవోయాగి, తన పరికరం ప్రపంచానికి అత్యవసరమైన 2020 ఏప్రిల్‌లోనే కన్నుమూశారు.

ఆక్సిజన్ లెక్క చూస్తే పల్నాటి కష్టం తెలుస్తుంది. పెద్ద సిలిండర్‌లో సుమారు 7,000 లీటర్ల వాయువు ఉంటుంది. నిమిషానికి 15 లీటర్లు ఇచ్చే మాస్కు పెడితే అది ఎనిమిది గంటల లోపే అయిపోతుంది. ముక్కు ద్వారా అధిక ప్రవాహంతో ఇచ్చే యంత్రం నిమిషానికి 60 లీటర్లు లాగితే రెండు గంటలు కూడా రాదు. పది మంది రోగులున్న చిన్న ఆసుపత్రి రోజుకు ఎన్ని సిలిండర్లు తెప్పించాలో ఊహించుకోవచ్చు. మైనస్ 183 డిగ్రీల దగ్గర ద్రవంగా మారే ఆక్సిజన్ ఒక్క లీటరు నుంచి దాదాపు 860 లీటర్ల వాయువు వస్తుంది. కానీ దానికి ట్యాంకు, పైపులైను, సమయానికి చేరే లారీ కావాలి. ఆ లారీ ఆలస్యమైతే ఏమవుతుందో 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రి చూపించింది. అక్కడ 11 మంది చనిపోయినట్లు ప్రభుత్వం ప్రకటించింది.

హైదరాబాద్ దారి కూడా కొన్నాళ్లు మూసుకుంది. దాచేపల్లి దాటి పొందుగల వద్ద కృష్ణా నది దాటితే తెలంగాణలోని వాడపల్లి వస్తుంది. పల్నాటివాళ్లు చాలామందికి పెద్దాసుపత్రి అంటే గుంటూరుతో పాటు హైదరాబాద్ కూడా. ఆ మే నెలలో తెలంగాణ సరిహద్దుల్లో, పడక ఖాయమైన పత్రం లేదని అంబులెన్సులను ఆపేశారు. 14న తెలంగాణ హైకోర్టు ఆ ఆంక్షలపై స్టే ఇచ్చింది.

చికిత్సలో నిలబడినవి ఎక్కువగా చౌకవే. రోగిని బోర్లా పడుకోబెడితే ఊపిరితిత్తుల వెనుక భాగం తెరుచుకుని ఆక్సిజన్ పెరుగుతుంది. దీనికి కావలసింది దిండ్లు, ఓపిక. డెక్సామెథసోన్ అనే పాత స్టెరాయిడ్ మందు, వెంటిలేటర్ మీదున్నవారిలో మరణాలను మూడో వంతు తగ్గించిందని బ్రిటన్‌లో ‘రికవరీ’ అనే అధ్యయనం చేసిన పరిశోధకులు 2020 జూన్ 16న ప్రకటించారు. ఆక్సిజన్ అక్కర్లేనివారికి మాత్రం అది మేలు చేయలేదు. కోలుకున్నవారి రక్తం నుంచి తీసే ప్లాస్మా కోసం జనం పరుగులు తీశారు; దానివల్ల ఫలితం లేదని 464 మందిపై భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన అధ్యయనం తేల్చింది. 2021 మేలో ప్లాస్మాను చికిత్స మార్గదర్శకాల నుంచి తీసేశారు. అదుపు తప్పిన షుగరు మీద స్టెరాయిడ్లు పడినవారిలో బ్లాక్ ఫంగస్ తేలి, రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఉచిత వైద్య పథకమైన ఆరోగ్యశ్రీలో చేర్చాల్సి వచ్చింది.

సిబ్బంది పడిన బాధ అంకెలకు అందేది కాదు. ఎండకు పేరుపడ్డ రెంటచింతల ఈ ప్రాంతంలోనిదే. అలాంటి ఎండల మే నెలలో పీపీఈ కిట్టులో గంటల తరబడి నిలబడ్డ నర్సు మంచినీళ్లు తాగాలన్నా కిట్టు విప్పాలి. వార్డులోకి బంధువులను రానివ్వకపోవడంతో అన్నం తినిపించడం, ఫోను పట్టుకుని ఇంటివాళ్లతో మాట్లాడించడం కూడా సిబ్బంది పనే అయింది.

ఆ తర్వాత గాలి నుంచి నైట్రోజన్‌ను వేరుచేసి అక్కడికక్కడే ఆక్సిజన్ తయారుచేసే ప్లాంట్లు రాష్ట్రమంతటా వచ్చాయి. 2022 జనవరి 10న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి అలాంటివి 144 ప్రారంభించారు. కరెంటు, మరమ్మతులు సరిగా ఉన్నంతకాలం వీటికి లారీ కోసం ఎదురుచూసే పని లేదు. అంతకు ముందే, రెండో దశ ఇంకా సాగుతుండగా 2021 మే 31న రాష్ట్రంలో 14 వైద్య కళాశాలలకు శంకుస్థాపన జరిగింది. వాటిలో ఒకటి పిడుగురాళ్లది. మాచర్ల నుంచి పిడుగురాళ్లకు 50 కిలోమీటర్లకు అటూఇటుగా ఉంటుంది, గుంటూరు దారిలో సగం కూడా కాదు.