పచ్చికపై మచ్చ: ఒక రోగనిర్ధారణ చరిత్ర

పచ్చికలో రంగు మారిన చోట్లకు కారణం వెతకడం ఇంగ్లండులో శిలీంధ్రశాస్త్రం రూపుదిద్దుకోక ముందే మొదలైంది. గొర్రెలు మేసే బయళ్ళలో ముదురాకుపచ్చ వలయం ఒకటి, దానిని ఆనుకుని ఎండిన వలయం మరొకటి, వానలు పడ్డాక వాటి అంచున వరుసగా పుట్టగొడుగులు కనిపించేవి. అవి రాత్రివేళ దేవకన్యలు చేతులు పట్టుకుని నాట్యమాడిన జాడలని పల్లెజనం నమ్మేవారు. ఆక్స్‌ఫర్డ్ పండితుడు రాబర్ట్ ప్లాట్ 1686లో ప్రచురించిన స్టాఫర్డ్‌షైర్ ప్రకృతి చరిత్రలో ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టి, వలయాలకు ప్రధాన కారణం పిడుగుపాటేనని తేల్చాడు. అయితే ఆయన ఆ వలయాల అడుగున మట్టిని తవ్వి చూసి, అది పొడిబారి గుల్లగా ఉందని, దానిలో బూజు వంటి తెల్లటి పదార్థం అల్లుకుని ముక్కవాసన వేస్తోందని కూడా నమోదు చేశాడు. అసలు కారణం చేతికందినా దానిని కారణంగా గుర్తించలేదు. శతాబ్దం గడిచాక, విద్యుత్తు విద్వాంసులందరినీ ఆకర్షించిన కాలంలో, ఎరాస్మస్ డార్విన్ కూడా పిడుగు వాదాన్నే సమర్థించాడు. తర్వాతి కాలపు పచ్చిక చరిత్రలోనూ ఈ తీరే కనిపిస్తుంది: పరిశీలన చాలాసార్లు సరిగానే సాగింది, తీర్పు మాత్రం ఆనాటికి అందుబాటులో ఉన్న సిద్ధాంతం వైపో, అందుబాటులో ఉన్న మందు వైపో ఒరిగింది.

డిజిటాలిస్ మొక్కను వైద్యంలోకి తెచ్చిన విలియం విదరింగ్ 1790లలో ఈ వలయాలు పుట్టగొడుగుల వల్లనే ఏర్పడుతున్నాయని గుర్తించగా, అవి ఎలా ఏర్పడతాయో రసాయనవేత్త విలియం హైడ్ వొలాస్టన్ 1807లో రాయల్ సొసైటీ పత్రికలో వివరించాడు. ఆయన వాదన ప్రకారం, ఒక బిందువు వద్ద మొదలైన శిలీంధ్రం అక్కడి నేలలోని ఆహారాన్ని హరించి, మరుసటి ఏడు తాజా నేల ఉన్న వెలుపలి దిక్కుకే వ్యాపించగలుగుతుంది. అది చచ్చి కుళ్ళిన చోట గడ్డికి ఎరువు దొరికి ముదురాకుపచ్చ రంగు వస్తుంది. రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో లాస్, గిల్బర్ట్, వారింగ్టన్ 1883లో మట్టిని విశ్లేషించి, వలయం లోపలి నేలలో నత్రజని వెలుపలి నేలలో కంటే తక్కువగా ఉందని చూపడంతో ఈ వాదనకు రసాయనిక ఆధారం సమకూరింది. గడ్డి ఎండిపోయే భాగం సంగతి ఇంకా మిగిలే ఉంది. అమెరికాలోని తూర్పు కొలరాడో మైదానాలపై షాంట్జ్, పైమైసెల్ 1917లో వెలువరించిన అధ్యయనం, తంతుజాలం, అంటే శిలీంధ్రపు సన్నని పోగుల అల్లిక, నిండిన మట్టి నీటిని పీల్చుకోదని, గడ్డి ప్రధానంగా దాహంతోనే చస్తుందని నిరూపించింది. ఇటువంటి వలయాలకు నేలలో దగ్గర దగ్గరగా రంధ్రాలు పొడిచి నీరు లోతుగా ఇంకేలా పట్టించే చికిత్స ఈ అవగాహనకు సరిపోయేదే.

మేత బయలులో ఈ మచ్చలు వింతగా మాత్రమే మిగిలాయి. వాటిని లోపంగా మార్చింది యంత్రం. 1830లో గ్లాస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ ప్రాంతానికి చెందిన ఎడ్విన్ బడ్డింగ్, ఉన్నిబట్టల నూగు కత్తిరించే యంత్రాన్ని ఆధారం చేసుకుని గడ్డి కోసే యంత్రానికి పేటెంటు పొందాడు. కొడవలితో కోసిన పచ్చికలో ఎగుడుదిగుళ్ళు సహజంగానే ఉండేవి గనుక అరచేయంత మచ్చ కంటబడేది కాదు. ఒకే ఎత్తున, ఒకటి రెండు జాతుల గడ్డితో నిండిన నేలపై అది దూరం నుంచే కనిపిస్తుంది. పైగా తరచూ కత్తిరింపుకు గురయ్యే గడ్డికి ఆకు తగ్గి వేరు కురచబారుతుంది, కోత కోసిన ప్రతిసారీ ఆకు కొసన పచ్చిగాయం మిగులుతుంది. గోల్ఫ్ ఆటలో గుంత చుట్టూ బంతి దొర్లేందుకు నేలకంటా కత్తిరించి పెంచే గ్రీన్ అనే భాగంలో ఈ బలహీనత పరాకాష్ఠకు చేరింది. పచ్చిక రోగాల శాస్త్రం గోల్ఫ్ మైదానాల అండతో ఎదగడానికి కారణం ఇదే.

కర్మాగారాల్లో పనిని గడియారంతో కొలిచి పేరుపొందిన ఇంజనీరు ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్, జీవితపు చివరి సంవత్సరాలలో ఫిలడెల్ఫియాలోని తన తోటలో గ్రీన్‌లకు తగిన గడ్డి పెంపకంపై ప్రయోగాలు చేశాడు. 1914లో అక్కడ గుండ్రటి గోధుమరంగు మచ్చలు కనిపించాయి. వాటి నుంచి వేరుచేసిన శిలీంధ్రం రైజోక్టోనియా సొలానీ అని పైపర్, కో అనే పరిశోధకులు 1919లో ప్రకటించారు. 1858లో జర్మన్ శాస్త్రవేత్త జూలియస్ కూన్ బంగాళాదుంపపై గుర్తించి పేరు పెట్టిన శిలీంధ్రమే ఇది. తేమతో కూడిన వేడి రాత్రులలో ఇది విజృంభిస్తుంది, తెల్లవారుజామున మచ్చ అంచున పొగరంగు వలయం కనిపించి ఎండ ఎక్కగానే మాయమవుతుంది. మధ్యాహ్నం చూసినవారికి ఎండిన గడ్డి తప్ప మరేమీ కనబడదు గనుక, ఈ రోగాన్ని గుర్తించడంలో చూసే వేళకు కూడా ప్రాధాన్యం ఉంది.

అప్పట్లో ఇదే రోగానికి చిన్న రూపమని భావించిన మరో మచ్చ ఉండేది. వెండి డాలరు నాణెమంత ఉండే ఆ పాలిపోయిన చుక్కలకు కారణమైన శిలీంధ్రం వేరని క్రమంగా తెలిసి, ఆ రోగానికి డాలర్ స్పాట్ అనే పేరు స్థిరపడింది, ఎఫ్.టి. బెనెట్ 1937లో ఆ శిలీంధ్రాన్ని వర్ణించి శాస్త్రీయ నామం ఇచ్చాడు. ఈ విభజన విలువ ఎరువు వేసే చోట తెలుస్తుంది. నత్రజని అధికంగా అందిన మెత్తటి గడ్డిని గోధుమరంగు మచ్చ రోగం పట్టుకుంటుంది, నత్రజని చాలని గడ్డిని డాలర్ స్పాట్ పట్టుకుంటుంది. ఒకదానికి మందయినది రెండోదానికి ఆహారమవుతుంది; రెంటినీ ఒకటిగా ఎంచినంతకాలం, శ్రద్ధగా పనిచేసే తోటమాలి సైతం తన చేతులతోనే రోగాన్ని పెంచే ప్రమాదం ఉండేది.

చికిత్స ఈ వివేచన కోసం ఆగలేదు. ఫ్రాన్సు ద్రాక్షతోటల్లో బూజు తెగులుపై మిలార్డె 1880లలో ప్రచారంలోకి తెచ్చిన బోర్డో మిశ్రమాన్ని, అంటే మైలుతుత్తం, సున్నం కలిపిన ద్రావణాన్ని, గ్రీన్‌లపై చల్లారు; పదేపదే చల్లినచోట రాగి నేలలో పేరుకుని గడ్డికే విషమైంది. 1920లలో పాదరసపు లవణాలు దాని స్థానాన్ని ఆక్రమించాయి. అమెరికా గోల్ఫ్ సంఘం 1920లో నెలకొల్పిన గ్రీన్ విభాగం తరఫున మాంటీత్, డాల్ 1932లో వెలువరించిన పచ్చిక రోగాల గ్రంథం ఆ లవణాల వాడకాన్ని వివరించింది. మనుషులు నడిచే నేలపై, వాన నీరు కొట్టుకుపోయే వాలుపై, ఆహారానికి ఏమాత్రం సంబంధం లేని పంట కోసం దశాబ్దాల పాటు పాదరసం చల్లడం ఈ చరిత్రలో అత్యంత విచారకరమైన ఘట్టం. 1970లలో అమెరికా ప్రభుత్వం ఆంక్షలు విధించే నాటికి బెనోమిల్ వంటి కొత్త మందులు వచ్చినా, కొద్ది ఏళ్ళలోనే డాలర్ స్పాట్ శిలీంధ్రం వాటిని తట్టుకునే శక్తిని సంపాదించుకుంది.

మైదానాల పనివారు తెల్లవారగానే పొడవాటి వెదురు గడలతో గడ్డిని తట్టి మంచును రాల్చే అలవాటు వీటన్నిటి నడుమ కొనసాగింది. శిలీంధ్రం మొలకెత్తి ఆకులోకి చొరబడటానికి ఆకుపై తడి గంటల తరబడి నిలవాలి. మంచును రాల్చడం, సాయంత్రానికి బదులు వేకువన నీరు పెట్టడం ఆ తడి కాలాన్ని తగ్గిస్తాయి. మందుల చరిత్రలో చిన్న పాత్రగా మిగిలిపోయిన ఈ పద్ధతికి దక్కవలసినంత గౌరవం దక్కలేదు.

మచ్చలన్నీ శిలీంధ్రాలవీ కావు. 1935లో లండన్‌లోని లార్డ్స్ క్రికెట్ మైదానం పచ్చికను నాశనం చేసినవి నేలలో దాగి వేళ్ళను తినే, క్రేన్ ఫ్లై అనే పొడుగుకాళ్ళ ఈగ పిల్లపురుగులు. 1916లో న్యూజెర్సీలో బయటపడిన జపాన్ పెంకుపురుగు కూడా పిల్లదశలో అదే పని చేస్తుంది. అటువంటి చోట గడ్డిని పట్టి లాగితే వేళ్ళు లేక చాపలా చుట్టుకుని లేచివస్తుంది, శిలీంధ్రం సోకిన చోట నేలను వదలదు. కుక్క మూత్రంలోని నత్రజని మచ్చ నడుమ గడ్డిని మాడ్చి, పలచబడిన అంచున దానినే ఏపుగా పెంచుతుంది. చేతితో లాగి చూసే ఈ పరీక్షకు ఖర్చు లేదు, సూక్ష్మదర్శినితో పని లేదు.

తెలుగు నేలతో ఈ చరిత్రకు ఉన్న బంధం తోటల కంటే వరిచేలలోనే బలంగా ఉంది. టేలర్ తోటలో గడ్డిని మాడ్చిన రైజోక్టోనియా సొలానీయే వరిలో పాముపొడ తెగులుకు కారకం. 1910లో జపానులో మియాకే ఈ వరి రోగాన్ని వర్ణించాడు. యూరియా మోతాదు మించి దుబ్బులు ఒత్తుగా పెరిగిన మళ్ళలో అది ఉధృతమవుతుందని గోదావరి, కృష్ణా డెల్టాల రైతులకు అనుభవపూర్వకంగా తెలుసు. గట్ల మీది గడ్డిజాతి కలుపులోనూ ఆ శిలీంధ్రం తలదాచుకుంటుంది గనుక గట్లను శుభ్రంగా ఉంచమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. గడ్డీ వరీ ఒకే వృక్ష కుటుంబానికి చెందినవి. అందువల్ల హైదరాబాదులో వానాకాలపు ఉక్కలో ఇంటి ముంగిట పచ్చికపై గోధుమరంగు వలయం కనిపించినప్పుడు, వరి రైతు పొలంలో అడిగే రెండు ప్రశ్నలే అక్కడా ముందుగా అడగవలసి ఉంటుంది: ఈ మధ్య నత్రజని ఎంత పడింది, రాత్రివేళ ఆకు ఎంతసేపు తడిగా ఉంటోంది.